ఢిల్లీ నుంచి టోక్యోకి ఏడున్నర గంటలు, టోక్యో నుంచి ఢిల్లీకి పది

మా అమ్మాయికి ఎనిమిదో నెల నడుస్తున్నప్పుడు మావారిని షుగరు డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. జనవరిలో పురుడు పోయడానికి ఇద్దరం టోక్యో వెళ్తున్నాం, ప్రయాణంలో ఇన్సులిన్ ఎప్పుడెప్పుడు వేసుకోవాలో రాసివ్వండి సార్ అని అడిగాను. ఆయన కాగితం ముందుకు లాక్కుని రెండు మాటలే అడిగారు. "పోవడానికి ఎన్ని గంటలు? రావడానికి ఎన్ని గంటలు?"

ఆ రెండో ప్రశ్న నాకు వింతగా అనిపించింది. పోవడానికి ఎంతో రావడానికీ అంతే కదా! రేపు కనుక్కుని చెప్తానని వచ్చేశాను. ఇరవై తొమ్మిదేళ్ళు హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయినదాన్ని. దూరం, కాలం, రేఖాంశాలు అంటే నాకు ఇప్పటికీ ఇష్టం. ఇది ఇంకొకరిని అడిగి తెలుసుకునే సంగతి కాదు, నేనే తేల్చుకుంటానని ఆ సాయంత్రం కూర్చున్నాను.

మా ఊరు హనుమకొండ. మేం పోయే దారి ఇట్లా: హనుమకొండ నుంచి శంషాబాద్‌కి కారు, అక్కణ్ణుంచి ఢిల్లీకి ఒక విమానం, ఢిల్లీ నుంచి టోక్యోకి ఇంకొకటి. హైదరాబాద్–ఢిల్లీ సంగతి తెలిసిందే. సుమారు 1,260 కిలోమీటర్లు, రెండుంబావు గంటలు. తేల్చుకోవాల్సింది ఢిల్లీ–టోక్యో.

నేను రిటైరైన రోజు పదో తరగతి పిల్లలు చందాలు వేసుకుని ఒక గ్లోబు ఇచ్చారు. ముప్పై సెంటీమీటర్ల వ్యాసం ఉంటుంది. దాన్ని షెల్ఫు మీంచి దించి, తుడిచి, పూజగదిలోంచి పూలు కట్టే దారం ఉండ తెచ్చుకున్నాను. ఒక కొసను ఢిల్లీ మీద బొటనవేలితో అదిమి, రెండో కొసను టోక్యో దాకా లాగాను. వదులుగా ఉన్నంతసేపు దారం బెంగాల్ మీదుగా, చైనా నడుమగా వెళ్ళింది. బిగించేసరికి తనంతట తానే ఉత్తరానికి జారింది. హిమాలయాలు ఎక్కింది, టిబెట్ మీదుగా సాగింది, చైనాలో షాన్‌డోంగ్ ద్వీపకల్పం దగ్గర 37 డిగ్రీల అక్షాంశం తాకి, దక్షిణ కొరియా దాటి టోక్యోకి దిగింది. ఢిల్లీ ఉండేది 28½ డిగ్రీల మీద, టోక్యో 35½ మీద. రెండింటికన్నా పైకి పోయి దిగడమే దగ్గరి దారి! గోడ మీది పటంలో స్కేలు పెట్టి గీస్తే ఈ సంగతి ఎన్నటికీ కనపడదు. ఎందరో పిల్లలకు ఇది నోటితో చెప్పాను గానీ, దారం నా వేలి కింద జరిగినప్పుడు కలిగిన సంతోషం వేరు.

దారాన్ని గోరుతో గుర్తుపెట్టి, జాకెట్లు కొలిచే టేపు మీద పరిచాను. పద్నాలుగు సెంటీమీటర్లకు చీమంత తక్కువ, 13.8 అనుకున్నాను. గ్లోబు చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. అంటే ఒక సెంటీమీటరుకు 425 కిలోమీటర్లు. గుణిస్తే 5,865 వచ్చింది.

తర్వాత ఫోన్లో వెతికితే ఒకచోట 5,860, ఇంకోచోట 5,910, మరోచోట 3,640 అని కనిపించాయి. 3,640 అంటే మైళ్ళు. 3,160 అని ఉంటే అవి నాటికల్ మైళ్ళు. విమానాల వాళ్ళు, ఓడల వాళ్ళు వాడే ఆ మైలు 1.852 కిలోమీటర్లు. మరి 5,860కి, 5,910కి తేడా ఎందుకంటే, టోక్యోకి రెండు విమానాశ్రయాలు. హనేడా ఊళ్ళోనే, సముద్రం ఒడ్డున ఉంటుంది. నరిటా ఊరికి తూర్పున దాదాపు 60 కిలోమీటర్ల దూరం. విమానానికి ఆ యాభై కిలోమీటర్లు నాలుగైదు నిమిషాల పని. దిగాక మనకు మాత్రం బాగా తేడా. అందుకే అమ్మాయికి ఫోన్ చేసి, ఏ రోజుదైనా ఫరవాలేదు గానీ హనేడాలో దిగే విమానమే చూడు తల్లీ అన్నాను. వాళ్ళుండేది నిషి కసాయిలో. మనవాళ్ళు బాగా ఉండే పేట అది. హనేడా నుంచి దగ్గర.

ఇక గంటలు. దూరాన్నీ ప్రయాణ సమయాన్నీ పక్కపక్కనే చూపించే లెక్కల్లో చాలావరకు 7 గంటల 45 నిమిషాలు అని ఉంది. దూరాన్ని ఒక సగటు వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఇంకో అరగంట కలిపితే వచ్చే అంకె అది. దాన్నే కాగితం మీద రెండు వైపులా రాసుకుని డాక్టరు గారికి చెప్పాను. ఆయన దాని ప్రకారం ఏ పూట మందు ఎప్పుడు వేసుకోవాలో రాసిచ్చారు. ఇన్సులిన్ పెన్నులు చేతి సంచీలోనే పెట్టుకోండి, కింద వేసే సామాన్లో పెట్టకండి, చలికి గడ్డకడితే పనికిరావు అని చెప్పి ఒక లెటరు కూడా ఇచ్చారు. ఆ అంకె సగమే నిజమని అప్పటికి నాకు తెలియదు.

సంక్రాంతికి వారం ముందు బయలుదేరాం. ఢిల్లీలో రాత్రి 8 గంటలకు విమానం, టోక్యోలో దిగేది మర్నాడు పొద్దున 7 గంటలకు. టికెట్టు చూసి మావారు, "పదకొండు గంటలా? ఏడుమ్ముప్పావు అన్నావు కదా!" అన్నారు. ఎక్కే టైమూ దిగే టైమూ ఏ ఊరివి ఆ ఊరి గడియారాలని ఆయనకు చెప్పాను. ఈ లెక్క నాకు చాలా ఇష్టం, అందుకే ఇక్కడా చెప్తున్నాను. మన దేశపు టైమంతా 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నడుస్తుంది. మన కాకినాడ దగ్గర నుంచే పోతుంది ఆ గీత. జపాన్ టైము 135 డిగ్రీల మీద నడుస్తుంది. అక్కడ ఆ గీత అకాషి అనే ఊరి మీదుగా పోతుంది. రెండింటికీ తేడా 52½ డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 210 నిమిషాలు. కచ్చితంగా మూడున్నర గంటలు. వాళ్ళకు ముందు తెల్లవారుతుంది కాబట్టి వాళ్ళ గడియారం ముందుంటుంది. టోక్యోలో పొద్దున 7 అంటే మనకు తెల్లవారుజామున 3:30. రాత్రి 8 నుంచి 3:30 దాకా ఏడున్నర గంటలు. నేను చెప్పినదానికన్నా పావుగంట తక్కువే. నా లెక్క సరిపోయిందని పొంగిపోయాను.

ఇంకొకటి అప్పుడే తెలిసింది. టికెట్టు మీది ఏడున్నర గంటలు పూర్తిగా గాలిలో ఉండే టైము కాదు. విమానం గేటు వదిలినప్పటి నుంచి అక్కడి గేటు చేరేదాకా అది. మేం 8 గంటలకు గేటు వదిలినా, రన్‌వే దాకా మెల్లగా నడిచి, వరసలో నిలబడి, పైకి లేచేసరికి 8:28 అయింది.

నా సీటు ముందు చిన్న తెర. అందులో విమానం బొమ్మ, కింద పటం, పక్కన అంకెలు. మావారు భోజనం చేసి, డాక్టరు గారు చెప్పినట్టు మందు వేసుకుని పడుకున్నారు. నాకు నిద్ర రాలేదు, ఆ అంకెలే చూస్తూ కూర్చున్నాను. ఎత్తు 37,000 అడుగులు. బయట చలి మైనస్ 54 డిగ్రీలు. వేగం 1,000 దాటి, 1,050 దాటి, చైనా మీద ఒకచోట గంటకు 1,118 కిలోమీటర్లు చూపించింది. ఇట్లాంటి విమానాలు గంటకు 900 కిలోమీటర్ల దాకా పోతాయని చదివాను. మరి ఈ రెండు వందలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఆ అంకె కిందే "టెయిల్ విండ్" అని ఇంకో అంకె ఉంది. వెనక నుంచి గాలి తోస్తోందన్నమాట. మన పడవల వాళ్ళ మాటలో చెప్పాలంటే వాలుగాలి. మంచిదే కదా అనుకున్నాను, అంతటితో వదిలేశాను.

పటం మీది దారి మాత్రం నా దారం చూపించిన దారి కాదు. విమానం హిమాలయాల వైపు వెళ్ళనే లేదు. వారణాసి మీదుగా తూర్పుకు, బంగ్లాదేశ్, మయన్మార్ దాటి, చైనాలో కున్మింగ్ వైపు వెళ్ళి, అక్కణ్ణుంచి ఈశాన్యానికి తిరిగింది. టీ తెచ్చిన అమ్మాయిని అడిగాను, టిబెట్ మీదుగా దగ్గర కదా అమ్మా, ఎందుకు పోరు అని. ఆ పిల్ల విసుక్కోకుండా వంగి కూర్చుని చెప్పింది. విమానంలో గాలి ఒత్తిడి పోతే, పైనుంచి మాస్కులు పడతాయి కదా ఆంటీ, వాటిలో ఆక్సిజన్ పావుగంట అటూ ఇటూ వస్తుంది, ఈలోపు విమానం 10,000 అడుగులకు దిగిపోవాలి, టిబెట్‌లో నేలే దానికన్నా ఎత్తు, ఇంక ఎక్కడికి దిగుతాం అంది. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తు 4,500 మీటర్లకు పైనే అని బల్ల గుద్ది చెప్పేదాన్ని పిల్లలకు. దాదాపు 15,000 అడుగులు. ప్రపంచానికి పైకప్పు అనే మాటకు అసలు అర్థం ఆ రాత్రి తెలిసింది. ఆ ఎత్తును చుట్టి పోవడానికే నాలుగైదు వందల కిలోమీటర్లు ఎక్కువ తిరుగుతున్నాం.

మావారి చేతి గడియారంలో తెల్లవారుజామున మూడు కొట్టకముందే కిటికీ అంచు ఎర్రబడింది. తూర్పుకు పోతుంటే రాత్రి పొట్టిదవుతుంది. 6:45కి, అంటే వాళ్ళ టైము, చక్రాలు నేలను తాకాయి. గాలిలో ఉన్నది ఏడు గంటలు కూడా కాదు. వేలిముద్రలు, ఫోటో, పాస్‌పోర్టు మీద స్టిక్కరు అన్నీ అయ్యి బయటికి వచ్చేసరికి నిండుచూలాలు మా అమ్మాయి కోటు గుండీలు పట్టక, దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది. ఆ తర్వాత నెలన్నర ఎట్లా గడిచిందో రాయాలంటే వేరే పుస్తకం కావాలి. మనవరాలు పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

ఫిబ్రవరి చివర్లో తిరుగు ప్రయాణం. వెళ్ళేటప్పుడు రాక టికెట్టు తీసుకోలేదు. కాన్పు ఎప్పుడవుతుందో తెలియదు కాబట్టి అక్కడే తీసుకుందామని అల్లుడు అన్నాడు. ఒకరోజు ఆయన, పొద్దున పదకొండున్నరకు విమానం ఉందత్తయ్యా, అదే తీసుకుంటున్నా అన్నాడు. వెంటనే హైదరాబాదులో ఉన్న మా అక్క కొడుక్కి ఫోన్ చేశాను. ఢిల్లీ నుంచి హైదరాబాదుకు టికెట్లు చూసేది వాడే.

"చిన్నమ్మా, ఢిల్లీలో ఎన్నింటికి దిగుతారు?"

"టోక్యోలో పదకొండున్నర అంటే మనకు ఎనిమిది నాయనా. పోయేటప్పుడు ఏడున్నర గంటలు పట్టింది. మూడున్నర, నాలుగు లోపు దిగేస్తాం."

వాడు పాపం మూడు గంటల వ్యవధి పెట్టి, రాత్రి 7 గంటల విమానానికి మా ఇద్దరికీ తక్కువ ధరలో టికెట్లు కొనేశాడు. క్యాన్సిల్ చేస్తే పైసలు దాదాపు రాని రకం.

మర్నాడు అల్లుడు టోక్యో–ఢిల్లీ టికెట్టు ప్రింటు తీసి ఇచ్చాడు. బయలుదేరేది 11:30. ఢిల్లీ చేరేది 17:50. తప్పు పడిందేమో అనుకున్నాను. వాళ్ళ 11:30ని మన 8 గంటలుగా మార్చి, వేళ్ళ మీద లెక్కపెట్టాను. 8 నుంచి 17:50 దాకా 9 గంటల 50 నిమిషాలు. మళ్ళీ లెక్కపెట్టాను. అదే. మధ్యలో ఎక్కడైనా ఆగుతుందా అంటే ఆగదు. అదే విమానం, అదే దారి, రెండు గంటల ఇరవై నిమిషాలు ఎక్కువ. 17:50కి దిగి, ఇమిగ్రేషన్ దాటి, పెట్టెలు తీసుకుని 7 గంటల విమానం ఎక్కడం జరగని పని. దేశంలో తిరిగే విమానాలకు గంట ముందే కౌంటర్ మూసేస్తారు.

టికెట్ల డబ్బు పోయిందన్న బాధ ఒకటి. అంతకన్నా నన్ను కలవరపెట్టింది డాక్టరు గారి కాగితం. రాకకు కూడా 7 గంటల 45 నిమిషాలే అనుకుని ఆయన రాసిచ్చిన పట్టిక అది. రెండు గంటలు అటూ ఇటూ అయితే మావారు విమానంలోనే ఏ పూట తినాలో, ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో మారిపోతుంది. డాక్టరు గారు మొదటి రోజే అడిగారు, రావడానికి ఎన్ని గంటలని. ఆయన రోగులు ఎందరు అటూ ఇటూ తిరిగుంటారో! నేను ఆ ప్రశ్నకు విలువ ఇవ్వలేదు. ఆ సాయంత్రమే ఆయనకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. కోప్పడలేదు. కొత్త టైములు అడిగి, మార్చి, వాట్సాప్‌లో రాసి పంపారు. దాన్ని రెండుసార్లు కాగితం మీద రాసి, ఒకటి నా సంచీలో, ఒకటి ఆయన జేబులో పెట్టాను.

రాత్రి పాప పడుకున్నాక అల్లుణ్ణి అడిగాను, ఎందుకింత తేడా అని. ఆయన ఇంజినీరు. ఓపిగ్గా చెప్తాడు. "జెట్ స్ట్రీమ్ అత్తయ్యా. పడమటి నుంచి తూర్పుకు పైన గాలి నది లాగా పారుతుంది. చలికాలంలో జపాన్ మీద ఉన్నంత గట్టిగా ప్రపంచంలో చాలా తక్కువ చోట్ల ఉంటుంది" అన్నాడు.

జెట్ స్ట్రీమ్! తొమ్మిదో తరగతి శీతోష్ణస్థితి పాఠంలో ప్రతి ఏడూ చెప్పిన మాట. చలికాలంలో హిమాలయాలకు దక్షిణంగా పడమటి జెట్ ప్రవాహం పారుతుంది, మధ్యధరా సముద్రం నుంచి కదిలే అల్పపీడనాలను మన పంజాబ్, హర్యానాల దాకా తోసుకొస్తుంది, ఆ వానలకే గోధుమ పండుతుంది. ఇంత చెప్పి, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న ఇచ్చి వదిలేసేదాన్ని. ఆ గాలి ఆగకుండా ఇంకా తూర్పుకు పోతుందని, జపాన్ చేరేసరికి గంటకు రెండు వందలు, ఒక్కోసారి మూడు వందల కిలోమీటర్లు దాటుతుందని, అది విమానం టికెట్టు మీద టైముగా అచ్చవుతుందని ఏనాడూ కలిపి చూడలేదు. ఉత్తరాన సైబీరియా చలి, దక్షిణాన వెచ్చటి సముద్రం. ఆ రెండింటి నడుమ తేడా ఎంత పెరిగితే గాలికి అంత వేగం. అందుకే చలికాలంలో ఉన్న బలం వేసవిలో ఉండదు.

ఈ గాలిని మొదట కొలిచినవాళ్ళలో ఒకాయన జపాన్ వాడేనని అల్లుడు చెప్పాడు. పేరు వసబురో ఓయిషి. టోక్యోకు ఈశాన్యంగా, ఇప్పటి సుకుబా ఊళ్ళో ఉన్న తతెనో వాతావరణ పరిశోధన కేంద్రానికి అధిపతి. 1920ల్లో ఆకాశంలోకి బెలూన్లు వదిలి, దుర్భిణిలాంటి పరికరంతో వాటిని వెంబడిస్తూ, ఏ ఎత్తులో గాలి ఎంత వేగంతో ఉందో రాసుకున్నాడు. ప్రపంచమంతా చదవాలని 1926లో ఆ వివరాలను ఎస్పెరాంటో భాషలో అచ్చువేశాడు. అది అన్ని దేశాలకూ ఒకే ఉమ్మడి భాషగా ఉండాలని కొత్తగా తయారుచేసిన భాష. అది చదవగలిగినవాళ్ళే తక్కువ, ఎవరూ పట్టించుకోలేదు. 1944 నవంబరులో టోక్యో మీద బాంబులు వేయడానికి వచ్చిన అమెరికా బి-29 విమానాలు ఈ గాలికి గురి తప్పాక గానీ దీని బలం అందరికీ తెలియలేదు. ఎవరికో చేరాలని అంత కష్టపడి రాసిన ఆ మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మా అమ్మమ్మగారి ఊరు ఏటూరునాగారం దగ్గర, గోదావరి ఒడ్డున. చిన్నప్పుడు పడవలో దిగువకు పోతే తెడ్డు ఊరికే ఆనిస్తే చాలు, నీళ్ళే మోసుకుపోయేవి. తిరిగి ఎగువకు రావాలంటే ఇద్దరు మనుషులు గడలు వేసి పొడవాలి. ఊరికి ఊరు దూరం మారలేదు. కానీ పోక పూటలో అయితే, రాక పొద్దుగూకేదాకా. పైన కూడా అంతే జరుగుతోంది.

ఇందులో ఒక లెక్క ఉంది. నేను ఎక్కువసేపు ఆలోచించింది దాని గురించే. పోయేటప్పుడు గాలి కలిసొచ్చి, వచ్చేటప్పుడు అంతే అడ్డుపడితే మొత్తం మీద చెల్లుకు చెల్లు అనిపిస్తుంది. కాదు. దారి 6,300 కిలోమీటర్లు అనుకుందాం, విమానం వేగం 900. గాలి లేకపోతే 7 గంటలు. వెనక నుంచి 150 కిలోమీటర్ల గాలి తోస్తే వేగం 1,050, ప్రయాణం 6 గంటలు. గంట మిగిలింది. అదే గాలి ఎదురైతే వేగం 750, ప్రయాణం 8 గంటల 24 నిమిషాలు. అంటే పోయింది గంటా ఇరవై నాలుగు నిమిషాలు. ఎందుకంటే ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాం. అందుకే పైలట్లు వచ్చేటప్పుడు ఆ గాలి నడిమధ్యలోకి పోకుండా, దారినో ఎత్తునో కాస్త మార్చుకుని వస్తారు.

తిరిగి వచ్చేటప్పుడు కిటికీ పక్కన కుడివైపు సీటు అడిగి మరీ తీసుకున్నాను. లేచిన కాసేపటికే ఫుజి కొండ కనపడింది, మొత్తం తెల్లగా, ఒక్క మబ్బు లేకుండా. మావారిని నా సీట్లో కూర్చోబెట్టి చూపించాను. తర్వాత తెర పెట్టుకుని అంకెల మీద పడ్డాను. ఈసారి "హెడ్ విండ్" అని ఉంది. వేగం 704. ఒకచోట 688. పోయేటప్పుడు 1,118 చూసిన కళ్ళతో ఆ 688 చూస్తుంటే కింద సముద్రం కదులుతున్నట్టే లేదు. కొరియాకు దక్షిణంగా సముద్రం దాటి చైనా తీరం చేరడానికే ఎంతసేపు పట్టిందో! విమానం లోపల మాత్రం కప్పులో కాఫీ తొణకలేదు. ఇంజన్ల మోత అదే. గాలి మనకు ఎదురొస్తోందని చెప్పేది ఆ తెర ఒక్కటే.

ఇంకొకటి, మేం బయలుదేరింది పట్టపగలు, పోతున్నది పడమటికి. సూర్యుడు మాతోపాటే వస్తున్నట్టు ఉంది. ఎంతకీ సాయంత్రం కాదు. మావారికి పూటలు తెలియక, "ఇప్పుడిది మధ్యాహ్నమా, సాయంత్రమా?" అని నాలుగుసార్లు అడిగారు. ఆయన గడియారం తీసుకుని, విమానం ఎక్కగానే మన టైముకు తిప్పాను. డాక్టరు గారి కొత్త పట్టిక మన టైములోనే ఉంది కాబట్టి, ఇక ఏ దేశం మీద ఉన్నామో చూడాల్సిన పని లేకపోయింది. ఒంటిగంటకు ఒకసారి షుగరు చూసుకున్నారు, 142. రాసిన ప్రకారం తిన్నారు. సంచీలో పెట్టిన సకినాలు నాలుగు ఎక్కువే పనికొచ్చాయి.

ఢిల్లీలో దిగేసరికి 18:10. పొద్దు అప్పుడే గుంకుతోంది. టికెట్టు మీది టైముకన్నా ఇరవై నిమిషాలు ఆలస్యం. ఆ రోజు గాలి ఇంకాస్త గట్టిగా ఉందని పైలటు మైకులో చెప్పాడు. పెట్టెలు వచ్చేసరికి ఏడున్నర దాటింది. మా వాడు రెండోసారి కొన్న టికెట్లు రాత్రి 10:40వి కాబట్టి కంగారు లేదు. మావారు నిమ్మళంగా రెండు ఇడ్లీలు తిని, రాత్రి మందు వేసుకున్నారు. మొదటి టికెట్ల తాలూకు విమానం అప్పటికే వెళ్ళిపోయింది. అక్క కొడుక్కి ఆ డబ్బు నేనే ఇచ్చేశాను. వద్దు చిన్నమ్మా అని వాడు రెండు రోజులు ఒప్పుకోలేదు.

ఇప్పుడు జులైలో మనవరాలికి అన్నప్రాసన. మళ్ళీ పోతున్నాం. ఈసారి పోక, రాక రెండు టికెట్లూ ఒకేసారి తీయించాను, హైదరాబాదు దాకా కలిపి ఒకే బుకింగులో. మధ్యలో ఒకటి ఆలస్యమైతే తర్వాతిది చూసే బాధ్యత వాళ్ళదే అవుతుంది. టికెట్లు రాగానే నాలుగు టైములూ మన గడియారంలోకి మార్చి రాసుకున్నాను. జనవరితో పోలిస్తే పోవడానికి ఇరవై నిమిషాలు ఎక్కువ, ఫిబ్రవరితో పోలిస్తే రావడానికి ముప్పావుగంట తక్కువ. ఎండాకాలం వచ్చేసరికి ఆ గాలి నది బలం తగ్గి, ఉత్తరానికి జరిగిపోయింది.

ఆ కాగితం పట్టుకునే నిన్న డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన అడగకముందే చెప్పాను, "పోవడానికి 7 గంటల 50 నిమిషాలు సార్, రావడానికి 9 గంటల 5 నిమిషాలు."